ధనరాజు గెడ్డలంఘన విజయము

వలిసెపూలు పసుపుపచ్చని పట్టుచీరవలె పరచుకొన్న అరకులోయలో, తుహినధవళితమైన మార్గశిర ప్రభాతమున, ఒకానొక రిసార్టు వెనుకనున్న పచ్చికబయలునందు, పాడేరు కార్యాలయమున సీనియర్ అసిస్టెంటును, సప్తమాస గోల్ఫ్ వీడియోవీక్షణ విశారదుండును, ఒక్క బంతినైనను గాలి కెగురవేసి యెరుగని మహావీరుండును అగు ధనరాజు, శిరమున తెల్లటోపీయు కరమున గోల్ఫ్ కర్రయు ధరించి, ఎదుట ఐదు బారల వెడల్పున గలగల నవ్వుచు పారుచున్న గెడ్డను రోషారుణనేత్రుడై తిలకించెను. ఆ గెడ్డ అప్పటికే పదునొకండు బంతులను మింగినది. పండ్రెండవది, కడపటిది, ఆయన పాదములచెంత నుండెను.

"సహధర్మచారిణీ, వినుము!" అని భార్య మాధవివైపు తిరిగి గర్జించెను. "ఈ కందుకము గెడ్డ దాటెనా, నేను క్రీడాకారుండను. దాటకున్న, ఈ కర్రను నీ చిక్కుడుపాదుకు ఊతముగా సమర్పించి, ఇక జన్మలో గోల్ఫ్ మాటెత్తను!"

"మాటమీద ఉండాలి మరి! బేగి కొట్టండి, డుంబ్రిగుడ సంత అయిపోతాది," అనుచు మాధవి కర్ర పొడవును చూపుతోనే కొలిచెను.

తల వెంట్రుకవాసియు కదలరాదు, ఎడమచేయి వంగరాదు, బంతిని క్రిందనుండి పైకెత్తవలెను. ఈ సిద్ధాంతత్రయమును ఏకకాలమున పాటింపబూని, మెడ బిగించి, చేయి బిగించి, పళ్లుకూడ బిగించి, దిష్టిబొమ్మయు సిగ్గుపడునట్లు నిలిచి, వీరుడు బంతి ప్రక్కన అభ్యాసార్థమొక ప్రహారము గావించెను. మట్టిపెళ్ల యొకటి లేచి ఆయన చొక్కాజేబునే శరణుజొచ్చెను.

ఆ బయలున కొడవలితో గడ్డి కోయుచున్న రిసార్టు కూలి కనక నడుమెత్తి చూచెను.

"ఏటి బాబూ, దుంప తవ్వినట్టు అలాగ ఎత్తుతన్నారు? ఎత్తకండి. గడ్డి కొయ్యండి."

"ఓసీ కనకా! ఎత్తక యెట్లు ఎగురును?"

"ఆ కర్ర మూతి ఏటవాలుగానే ఉంది కదేటి! ఎత్తీ పని దానిది. మీ పని కోతే. ఒళ్లు కర్రలాగ బిగిస్తే కొడవలైనా ఆడదు బాబూ, నడుం తిప్పండి."

ఏడు మాసముల విద్యకు గడ్డికోత పాఠమా యని ధనరాజు కుతకుతలాడెను. కాని మునిగిపోయిన పదునొకండు బంతులు కన్నుల మెదలగా, తనకేమియు రాదను చిన్న నిజము ఆ మహాహృదయమున సిగ్గుపడుచు తొంగిచూచెను.

అంతట సిద్ధాంతములను గెడ్డకు వదలి, బంతిని మరచి, బంతిక్రింది పచ్చికయే పరమశత్రువని యెంచి, నడుము గిర్రున తిరుగ, మోచేయి వంగ, తల ఎటుపోయెనో తలకే తెలియకుండ, కోసెను! టక్కుమనెను! బంతి లేచెను! మంచుతెరను చీల్చి, గెడ్డ నవ్వు నాపి, ఆవలి గట్టున నీటికి సరిగా జానెడు దూరమున బురదలో చతికిలబడెను.

"చూచితివా మాధవీ! తల ఇసుమంతయు కదల్చలేదు!"

మాధవి గెడ్డవైపు వ్రేలు చూపెను. "కదపలేదు సరే. ఆ కొట్టుకుపోతన్న టోపీ ఎవరిదండీ?"

కనక కొడవలి క్రిందపడవేసి నవ్వెను. మంచుబిందువులు మెరయు బట్టతలను నిమురుకొనుచు వీరుడును నవ్వక తప్పలేదు.

ఇట్లు పదునొకండు బంతులును ఒక టోపీయు జలసమాధి నొందిన ఘోరసంగ్రామమున, ధనరాజేంద్రుండు ఆవలి గట్టున జానెడు బురదను జయించెను. మాధవి, చిక్కుడుపాదుకు వేరొక కర్ర కొనుటకై, నిట్టూర్చుచు సంతకు బయలుదేరెను.