రొక్కసాలా సంతలో చెవులున్న దీపం

మా పక్కింటి క్రొచీఫిస్సా తన మరదలి నోట విన్నదాని ప్రకారం, మునిసిపాలిటీ వారు చేపల సంతలో పెట్టబోయే దీపానికి చెవులున్నాయట. గొంతు పెంచితే చాలు, ఎర్రగా చూస్తుందట. “మా అత్తగారు చూసేది చాలదూ?” అని ఆవిడ బెంగ.

వార్త నిజమే. నిశ్శబ్దం విషయంలో మన రొక్కసాలా ఊరు సిసిలీ దీవికే తలవంపులు తెస్తోందని కౌన్సిలర్ స్పతఫోరా గారు కనిపెట్టారు. ఆయన బావమరిది సంతకెదురుగా అతిథిగృహం తెరవడం, అందులో దిగినవారికి పొద్దున్నే నిద్ర చెడటం కేవలం యాదృచ్ఛికం. ఇకమీదట ఎవరి అరుపుకి ఎర్రదీపం వెలిగితే వారి అమ్మకపు బల్ల లైసెన్సు రద్దు.

దీపం తయారీ భారం వృత్తివిద్యా పాఠశాల మాస్టారు వస్సాల్లో మీద పడింది. పాత టెలిఫోనులోంచి మైకు పీకి, దానికి ట్రాన్సిస్టర్లూ, రెసిస్టర్లూ, మూడు దీపాలూ అతికించారు. మెల్లగా మాట్లాడితే పచ్చ, గొంతు పెంచితే పసుపు, అరిస్తే ఎరుపు. దేన్ని అరుపు అనాలో నిర్ణయించడానికి పక్కనే బిగించి వదులు చేసే ఒక చిన్న మర.

ప్రారంభోత్సవంలో కౌన్సిలర్ గారు, “సోదర సోదరీమణులారా! మౌనమే నాగరికత!” అని ఎలుగెత్తారు. ఎర్రదీపం భగ్గుమంది. దీపానికి లోకజ్ఞానం తక్కువని తేల్చి మర వదులు చేయించారు. దాంతో సంతంతా ఏకమై అరిచినా పచ్చే. బావమరిది గారు నొచ్చుకున్నారు. మళ్లీ బిగించారు. చివరికి ప్రసంగాలప్పుడు దీపం తీగ పీకవచ్చునని తీర్మానించారు. తర్వాత పునీతుడి ఊరేగింపుకీ, టపాకాయలకీ, ఫుట్‌బాల్‌లో మనవాళ్లు గోలు కొట్టినప్పుడూ, కౌన్సిలర్ గారి అమ్మాయి పెళ్లి బ్యాండుకీ అదే మర్యాద జరిగింది. తీగ పీకనిది ఒక్క చేపలమ్మే రొసొలీనో అరుపుకే.

మా సంతలో చేపని కళ్లతో చూసి కొనరు, చెవులతో విని కొంటారు. అమ్మేవాడి గొంతు ఎంత ఖంగుమంటే చేప అంత తాజా. అరవని బల్లంటే ఆ ఇంట్లో చావు జరిగిందని అర్థం. తండ్రి ఇచ్చిపోయిన బల్ల దక్కించుకోవడానికి రొసొలీనో నోటికి తాళం వేసుకున్నాడు. మొదటి రోజే, ఎప్పుడూ కొనే ఒక పెద్దావిడ వచ్చింది.

“అయ్యో నాయనా, ఎవర్రా పోయింది? అమ్మేనా?”

“అమ్మ ఇంట్లో వంకాయలు వేయిస్తోందత్తా. చేపలు తీసుకో.”

“దుఃఖంలో ఉన్నవాడితో బేరమేమిట్రా, తప్పు కదూ!” అని ఆవిడ, పోయినవారి పేర వెలిగించమని అతని చేతిలో కొవ్వొత్తి పెట్టి పోయింది. వెనకాల వచ్చినవాళ్లూ అంతే. సార్డీన్ చేపలు కుళ్లాయి, పిల్లులు బలిశాయి. దీపం మాత్రం పచ్చగా కళకళలాడింది. రొసొలీనోకి ‘ఆదర్శ మౌన వర్తకుడు’ బిరుదిచ్చారు.

ఈలోగా అతిథిగృహంలోనివాళ్లు, “సిసిలీ సంతల కేకలు వినడానికే వచ్చాం, అవెక్కడ?” అంటూ గదులు ఖాళీ చేయసాగారు. సంస్కృతికి ముప్పు వాటిల్లిందని కౌన్సిల్ వెంటనే మేలుకుంది. పోయినేడు పండగలో ఎవరో రికార్డు చేసిన రొసొలీనో కేకని వెదికి తెచ్చి, స్తంభానికి లౌడ్‌స్పీకరు కట్టి వినిపించారు. తీగ పీకడం మరిచిపోలేదు. ఊరంతా కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టింది. కౌన్సిలర్ గారు లౌడ్‌స్పీకరుకి దండ వేశారు.

“ఏమయ్యా రొసొలీనో, నీ గొంతు ఇక ఊరి ఆస్తి! రెండు ముక్కలు మాట్లాడు.”

రొసొలీనో చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు.

“నేనరిస్తే గోల, నా అరుపు డబ్బా అరిస్తే సంస్కృతి. సరే. చప్పట్లు కొట్టారుగా అందరూ, ఈ దీపం పెట్టాక నా దగ్గర ఒక్క చేప కొన్నవాళ్లెవరో చెయ్యెత్తండి చూద్దాం!”