బోరుబండికి పంపిన బాణాలు

ఆ పొద్దు మారెక్క కోరింది పెద్ద పనేమీ కాదు. బోరుబండి రావాలి, చేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసే చెన్నప్ప గుర్తుపెట్టిన రాయి దగ్గర దిగాలి, గంగమ్మ పైకి రావాలి, బత్తాయిలు కాసే చీనీ చెట్లు బతకాలి. పాత బోరు ఎండినప్పటి నుంచి ఆకులు ముడుచుకుపోయి, కాయలు నిమ్మకాయంత కాకముందే రాలిపోతున్నాయి. బండి ఈ పొద్దు తప్పితే మళ్లీ ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ఈ సీమలో ఎండాకాలం పెళ్లికొడుకైనా దొరుకుతాడు గానీ బోరుబండి దొరకదు.

దారి చెప్పే పని కొడుకు తిప్పేష్ తీసుకున్నాడు. కణేకల్ రోడ్డు, తర్వాత మారెమ్మ గుడి, తర్వాత నల్లబండ, తర్వాత చీనీ తోట అని రాస్తే అయిపోయేది. "తర్వాత" అని అన్నిసార్లు రాయడానికి వాడికి వేలు నొచ్చింది. ఫోన్లో బాణాలు వెతికితే సన్నవి, లావువి, వంకరవి, ఈకలున్నవి దండిగా కనబడ్డాయి. పెళ్లికి చీర ఎంచినట్టు ఎంచి, ఈకల బాణాన్ని ప్రతి పేరు ముందూ పెట్టి పంపాడు.

బండి మేస్త్రీ యేసన్నది పాత ఫోన్. బాణమున్న చోటల్లా అందులో ఖాళీ గడి కనబడింది. బోరు పనివాళ్లు పొలం బొమ్మ గీస్తే మోటరు గదికి అట్లాంటి గడే గీస్తారు. అందుకని యేసన్న గుడి దాటి ఒక మోటరు గది, బండ దాటి ఇంకొక మోటరు గది చూసుకుంటూ పోయి, మారెక్క తోటకు తిరిగే మలుపు దాటేసి, గుట్ట అవతలి చీనీ తోటలో దిగాడు. ఆ తోట మారెక్క తోడికోడలు ఓబమ్మది. ఇల్లు పంచుకున్నప్పుడు రోలు మారెక్కకు, రోకలి ఓబమ్మకు వచ్చింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

చీనీ తోట ఇదేనా అని యేసన్న అడిగాడు.

"ఇది చీనీ తోట గాకపోతే చింతతోపా అన్నా? బండిని ఎవురు పంపిండేది?" అంది ఓబమ్మ.

"తిప్పేష్ అంట."

ఓబమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తన చంకలో పెరిగిన పిల్లోడు. తల్లి చెప్పకుండా వాడు పంపుతాడా? తన చెట్లు ఎండుతున్నాయని అక్క చెవిన పడినట్టుంది. గబగబా చోటు చూపించి, కర్పూరం వెలిగించి, పనివాళ్లకు రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది.

ఇవతల మారెక్క టెంకాయ పట్టుకుని రాయి పక్కనే నిలబడింది. ఎండ నెత్తికెక్కింది. గుట్ట అవతల నుంచి బోరుబండి మోత వినబడింది. తిప్పేష్ ఫోన్ చేస్తే, నువ్వు పెట్టిన గళ్లు చూసుకుంటూనే వచ్చి సగం దిగినామని, బిండి బాగుందని యేసన్న నములుతూ చెప్పాడు.

గుట్ట ఎక్కుతూ తిప్పేష్ తల్లికి విడమరిచాడు. ఫోన్లోంచి బొమ్మ పోదంట, దాని నంబరు పోతుందంట. ఆ నంబరు బొమ్మ అవతలి ఫోన్లో లేకపోతే ఖాళీ గడి పెడుతుందంట.

"స్టోరు బియ్యం మాదిరి అను. కార్డు నంబరు ఉండాది, బియ్యం లేవు, సంచి ఖాళీ," అంది మారెక్క. "నీకు ఆ ఈకలు యాలరా?"

నోటి నిండా తిట్లు కూర్చుకుని ఆమె తోటలో అడుగుపెట్టేసరికి నేల గుర్రుమని నీళ్లు ఎగజిమ్మాయి. ఓబమ్మ బురద ముఖంతోనే వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"అక్కా, నేను రోకలి కోసరం పంతం పడితే, నువ్వు నాకు గంగమ్మనే పంపినావు."

మారెక్క నోట్లో తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. "కాదు చిన్నమ్మా, ఆ బాణం..." అని తిప్పేష్ ఎత్తుకోగానే మారెక్క వాడి కాలు తొక్కింది.

"పంపకుండా ఎట్లుంటాము మే," అంది.

అయితే ఒక పూట నీళ్లు నీ చెట్లకే, గుట్ట చుట్టూ పైపు వేసుకో అంది ఓబమ్మ. పొద్దు వాలేలోగా రోకలి కూడా భుజాన మోసుకొచ్చింది.

మర్నాడు పైపుల బండికి దారి పంపాలని తిప్పేష్ మళ్లీ ఫోన్ తీశాడు. మారెక్క దాన్ని లాక్కుని కొంగున ముడేసి, రోడ్డు మలుపులో నిలబడి తోట వైపుకు చెయ్యి చాపింది. ఆ బాణానికి ఈకలు లేవు గానీ, ఎవరి కంటికీ గడిలా కనబడలేదు.