ముద్రగారి పదివేల అడుగులు

ఆ ఉదయం ముద్రగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్సెక్కకుండా ఆఫీసుకి నడిచి వెళ్లడం, నడిచినందుకు సాయంత్రం ఒక కేకు ముక్క తినడం. లైసెన్సుల ఆఫీసు ఒకటో కౌంటర్లో ఇరవై రెండేళ్లుగా కాగితాల మీద రబ్బరు ముద్రలు వేస్తున్నారు కనక ఆయన్ని అందరూ ముద్రగారనే పిలిచేవారు.

ఈ నడకకి కారణం డాక్టరు. నెలలోగా నాలుగు కిలోలు తగ్గకపోతే రోజూ సూది తప్పదని ముందురోజే తేల్చి చెప్పేశాడు. పిల్లలకి టీకా వేయిస్తుంటేనే గోడవైపు తిరిగి నిలబడే మనిషి, ఆ మాటతో నడకకి వెంటనే ఒప్పుకున్నారు. భార్య అడుగులూ, కరిగిన క్యాలరీలూ లెక్కగట్టే గడియారం ఒకటి కొని తెచ్చింది. ఎడమచేతికి మామగారు పెట్టిన వాచీ ఉండటంతో దీన్ని కుడిచేతికి కట్టింది. ఆవిడ బళ్లో లెక్కల టీచరు.

"కరిగిందంతా మళ్లీ తినేస్తే ఇక కరిగించడం దేనికండీ?" అంది.

"కష్టపడ్డ ఒంటికి ఆ మాత్రం పెట్టకపోతే ఎలా? నీరసంతో నడక మానేశాననుకో, ఆ పాపం నీదే!"

ముద్రగారు పట్టిన పట్టు విడవలేదు. చివరికి గడియారం ఎంత చూపిస్తే అంతకు సరిపడా సాయంత్రం పెట్టేలా ఒప్పందం కుదిరింది.

తీరా చొక్కా తడిసేలా నడిచి చూసుకుంటే రెండు బిస్కెట్ల పాటి కూడా కరగలేదు. ఉసూరుమంటూ కూర్చుని ముద్రలు మొదలుపెట్టారు. మధ్యాహ్నం గడియారంలోంచి సన్నగా ఆడగొంతు పలికింది. "అభినందనలు! పదివేల అడుగులు నడిచారు. కాస్త కూర్చోండి." కౌంటరు ముందు గోలలో అది మరెవరికీ వినపడలేదు. ముద్రగారు మాత్రం కుర్చీలోంచి లేచిన పాపాన పోలేదు.

"ఆఫీసులో అంత తిప్పుతున్నారా?" అంటూ సాయంత్రం ఇంట్లో గడియారం చూసి భార్య జాలిపడి కేకుతోపాటు గుప్పెడు జీడిపప్పు కూడా పెట్టింది.

"క్షణం కూర్చోనిస్తేగా!" అన్నారాయన. చెయ్యి మాత్రం ఒంట్లో భాగం కాదా అని మనసుకి నచ్చజెప్పుకున్నారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే.

ఆకలి పెరిగేకొద్దీ ముద్రలు పెరిగాయి. మూడేళ్లుగా మూలుగుతున్న దరఖాస్తులు ఎనిమిది రోజుల్లో కదిలిపోయాయి. "మీ దగ్గర పాతవేమైనా ఉంటే ఇలా పడెయ్యండి" అంటూ పక్క కౌంటర్లకి కబురు పెట్టారు. ఈయనకి ప్రమోషన్ పిచ్చి పట్టిందని టైపిస్టు అందరికీ చెప్పింది. మేనేజరు మాత్రం, ఈయనకి తనిఖీ సంగతేదో ముందే తెలిసిపోయిందనుకుని గోడలకి రంగు వేయించాడు. ఇంట్లో చొక్కా బొత్తాం తెగి ఎగిరిపడితే "కండ పడుతోందిలే" అన్నారు ముద్రగారు.

ఒక్క దరఖాస్తు కూడా ఆగని ఆఫీసు భూమ్మీద ఉందంటే నమ్మలేక, నెల తిరిగేసరికి పై అధికారి స్వయంగా వచ్చాడు. సభ పెట్టారు. ముద్రగారి భార్యని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు.

"దీని రహస్యం ఏమిటండీ?" అని అడిగాడు అధికారి.

"అంతా మా ఆవిడ తిండి చలవే సార్."

ఆవిడ సిగ్గుపడింది. అధికారి ముచ్చటపడి, ఆ వేగం ఒక్కసారి కళ్లారా చూపించమన్నాడు. వేదిక మీద బల్ల వేశారు, కాగితాల కట్ట పెట్టారు, ముద్ర చప్పుడు వినపడాలని మైకు దగ్గరికి జరిపారు. ముద్రగారు రెచ్చిపోయారు. పొద్దుటి నుంచి కౌంటర్లో వేసినవి కూడా కలిసి, పది నిమిషాలకి హాలంతా మారుమోగేలా ఆడగొంతు పలికింది.

"అభినందనలు! పదివేల అడుగులు నడిచారు. కాస్త కూర్చోండి."

కూర్చున్న మనిషిని చూసి సభ విరగబడి నవ్వింది. నవ్వనిది ఒక్క భార్యే. ముద్రకో అడుగు చొప్పున ఆవిడ మనసులో నెల రోజుల హెచ్చవేత సాగుతోంది.

ఇంటికి వచ్చాక గడియారం విప్పి బీరువాలో పెట్టి తాళం వేసింది. "నా దగ్గరా మీ కాకిలెక్కలు? సూది గుచ్చేది గడియారానికి కాదండీ, మీకు" అంది. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినపడి ముద్రగారికి మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

మర్నాడు డాక్టరు తూకం చూస్తే మూడు కిలోలు పెరిగి ఉన్నారు. ముద్రగారు అలవాటు ప్రకారం గోడవైపు తిరిగారు.

"ఇంకొక్క నెల చూస్తాను. అంతే" అన్నాడు డాక్టరు.

పై అధికారికి మాత్రం అడుగులతో పనిలేదు, కాగితాలు కదిలాయి, అది చాలు. ముద్రగారికి ప్రమోషనిచ్చి అయిదో అంతస్తులో పాత ఫైళ్ల గది అప్పగించాడు. అక్కడ ముద్ర వేసే పని లేదు. కింది నుంచి ఎవరు ఏ ఫైలు అడిగినా వెతికి, మోసుకుని దిగి, మళ్లీ ఎక్కాలి. లిఫ్టు చూస్తే పాడై పడి ఉంది. నెల తిరిగేసరికి ఏడు కిలోలు తగ్గారు. డాక్టరు సూది మాటే ఎత్తలేదు.

"మరి కరిగినదానికి..." అని నసిగారు ఆ సాయంత్రం.

భార్య సగం యాపిల్ కోసి పెట్టింది.

"మిగతా సగం?"

"నాకు. రెండు నెలలుగా కంగారుతో కరిగింది నేను కూడానండీ."

లిఫ్టు బాగుచేయించమన్న దరఖాస్తు ముద్ర కోసం ఒకటో కౌంటర్లోనే ఉంది. అక్కడ కొత్తగా చేరినాయనకి గడియారం పెట్టుకునే అలవాటు లేదు.