మోడాలకు గిట్టని చదువు

హిందూపురంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఖగోళశాస్త్రం, ఖగోళ భౌతికశాస్త్రం మేజరుగా బీయస్సీ ప్రవేశపెట్టడమైనదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఎదుటి కాలేజీవాళ్ళు కృత్రిమ మేధ కోర్సు పెట్టేశారు. దానికన్నా పైన ఏముందా అని కరస్పాండెంటు చంద్రప్పగారు తల పైకెత్తి చూసి, ఆకాశాన్ని ఎంచుకున్నారు. "ఇంతకన్నా పైకి ఎవరూ పోలేరు" అని ప్రారంభ సభలో ఆయన చేసిన ప్రకటనను శాస్త్రవేత్తలెవరూ ఇంతవరకు ఖండించలేదు.

కోర్సులో చేరింది ఒకే ఒక్క అమ్మాయి, హరిత. పెనుకొండ దగ్గరి పల్లె నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చిపోయేది. ఆ శాఖ సాధించిన నూరు శాతం ఉత్తీర్ణత కాలేజీ ఫ్లెక్సీ మీద చాలాకాలం వెలిగింది. పాఠం చెప్పే డేవిడ్ సారుది భౌతికశాస్త్రం. ఆకాశం పాఠాలను ముందురోజు సాయంత్రం నేర్చుకుని మర్నాడు ఉదయం చెప్పేవారు. గురువుకూ శిష్యురాలికీ మధ్య ఇంత తక్కువ దూరం ఉన్న విద్యాసంస్థలు అరుదు.

టెలిస్కోపు కూడా ఉంది. చంద్రప్పగారి గదిలో, కిటికీ దగ్గర. ఆయుధపూజ నాడు దానికి గంధం, కుంకుమ పెట్టేవారు. మిగతా రోజుల్లో అది ఎదుటి కాలేజీ గేటువైపు తిరిగి ఉండేది. అడ్మిషన్ల కాలంలో ఆ దిశగా జరిగిన పరిశీలనలు మన జిల్లాలో ఖగోళశాస్త్రానికి గట్టి పునాది వేశాయి.

మూడో సంవత్సరం హరితకు ప్రాజెక్టు ఇచ్చారు. ఒక నక్షత్రం వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కొన్ని వారాలపాటు దాన్ని చూసి ఆ మార్పును గీసి చూపించాలి. చూపించకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే బెంగళూరులో పై చదువు లేదు. అయితే సాయంత్రం నాలుగు దాటాక ఆడపిల్లలు కాలేజీలో ఉండరాదని నియమం. నక్షత్రాలు కాలేజీ వేళలు పాటించడం లేదు కనుక, టెలిస్కోపును సొంత పూచీ మీద ఇంటికి తీసుకుపోవడానికి అనుమతి లభించింది. రైల్లో పక్కనున్నాయన దాన్ని తడిమి చూసి, "డ్రిప్పు పైపా పాపా? శానా లావుండాదే. సబ్సిడీ ఇచ్చినారా?" అని విచారించాడు.

ప్రాజెక్టు కాలం ఆషాఢంలో పడింది. దుక్కులు దున్ని, వేరుశనగ విత్తనాలు తెచ్చి పెట్టుకుని, సీమంతా వాన మోడాల కోసం తల పైకెత్తి ఉన్న కాలం. హరిత కూడా మిద్దె మీద తల పైకెత్తింది. పక్కింటి చౌడక్క వడియాల గుడ్డ తీసుకుపోవడానికి తన మిద్దె ఎక్కి చూసింది.

"ఏం చూస్తాండావు పాపా?"

"చుక్కను చూస్తాండానక్కా. కాలేజీ పని."

"ఒకపారి చూసి దిగిరాగూడదా? అదేమన్నా యాడికైనా పోతాదా?"

"దినామూ చూడల్ల. మోడమొస్తే కనపడదు. ఇంగో నెల మోడం రాకుంటే చాలని మొక్కుకుంటాండా."

హరిత నవ్వుతూనే అంది. కానీ ఆ ఏడాది ఆ పల్లెలో ఆకాశం గురించి నవ్వే అధికారం ఎవరికీ లేదు. హరిత చుక్కను చూడటం వల్లే మోడాలు రావడం లేదన్న మాట చౌడక్కతోపాటు మిద్దె దిగి, తెల్లారేసరికి పల్లెంతా తిరిగింది.

మనిషి కష్టాన్ని భరించగలడు. కష్టానికి చిరునామా లేకపోవడాన్ని భరించలేడు. అంతవరకు వాన రాకపోవడానికి కారణం సముద్రం దగ్గరో, గాలి దగ్గరో, దేవుడి దగ్గరో ఉండేది. ఆ తలుపులు ఎవరు తట్టగలరు? ఇప్పుడు కారణానికి ఒక ఇల్లు దొరికింది. ఆ ఇంటికి తలుపుంది, తలుపు తీస్తే హరిత నాయన అంజనప్ప అనే మెత్తని మనిషి ఉన్నాడు. ఆ రోజు పల్లెలో చాలామందికి, వాన పడకుండానే, మనసు చల్లబడింది.

వార్త మధ్యాహ్నానికి పెనుకొండ, సాయంత్రానికి ధర్మవరం చేరింది. ధర్మవరం నేతగాళ్ళు వెంటనే తమ మద్దతు హరితకు ప్రకటించారు. వాన పడితే మగ్గం గుంటల్లోకి నీళ్ళొస్తాయి కనుక ఆడపిల్లల చదువు ఏ పరిస్థితిలోనూ ఆగరాదన్నారు. హిందూపురంలో ఆరుబయలు కల్యాణమండపం కూడా నడుపుతున్న చంద్రప్పగారు, ఆషాఢంలో వాన ఉన్నా ఫరవాలేదనీ, ముహూర్తాలున్న శ్రావణంలో మాత్రం అమ్మాయి శ్రద్ధగా చదవాలనీ అభిప్రాయపడ్డారు. స్త్రీ విద్యపై మన ప్రాంతంలో ఇంత విస్తృతమైన చర్చ జరగడం అదే మొదలు.

పాలకేంద్రం ముందు సభ జరిగింది. చంద్రప్పగారు కారులో వచ్చి ప్రసంగించారు. "ఆకాశం ఏ ఒక్కరి సొత్తూ కాదు. మా సంస్థ రైతు పక్షం. మా సంస్థ విద్యార్థి పక్షం. ఎండకూ వానకూ కూడా మా సంస్థ సమాన గౌరవం ఇస్తుంది." చప్పట్లు కొట్టారు.

హరిత లేచి, ఊరి పెద్ద యల్లప్పతో చెప్పింది. "మోడాలు సముద్రం మీద నుంచి వస్తాయి తాతా. నేను చూస్తే ఆగవు. చూడకుంటే రావు. ఈ వారం ఎట్లాగూ వాన ఉండాదంట, రేడియోలో చెప్పినారు."

"నువ్వు చెప్పేది నిజమేలేమ్మా, సదువుకున్నదానివి" అన్నాడు యల్లప్ప. "అయినా కొన్నాళ్ళు మూసిపెడితే పోయేదేముండాది?"

"నా డిగ్రీ పోతాది."

"డిగ్రీ వచ్చే ఏడూ వస్తాది. శెనక్కాయకు అదును పోతే మల్లీ రాదు. ఏమప్పా అంజనప్పా, నువ్వేమంటావు?"

అంజనప్ప ఇంట్లో విత్తనాల మూటలూ ఉన్నాయి, కూతురూ ఉంది. కొన్నాళ్ళుగా ఆకాశం వంక చూసినప్పుడల్లా తను ఏం కోరుకుంటున్నాడో తనకే తెలియడం లేదు. "నాకు రెండూ కావల్లబ్బా" అన్నాడు. అంజనప్ప ఏకీభవించినట్టు నమోదు చేశారు.

మోడాలు పగలు వచ్చి రాత్రి తొలగిపోవలెనని మొదట ఒక తీర్మానం చేశారు. దాని ప్రతిని ఎవరికి పంపాలో తేలక విరమించుకున్నారు. వాన పడేదాకా టెలిస్కోపును గోనెసంచిలో కట్టి ఉంచాలన్నది ఏకగ్రీవమైంది. మొదటి ముడి చంద్రప్పగారు వేశారు. ఫోటో తీశారు.

ఆ వారమే వాన పడింది. పడుతుందని హరిత ముందే చెప్పిన సంగతి ఆమెకు వ్యతిరేకంగా ముఖ్య సాక్ష్యమైంది. లోపల ఏదో లేకపోతే ఆ అమ్మాయికి ఎట్లా తెలుస్తుంది? సంచి ముందు టెంకాయ కొట్టి రైతులు విత్తనం వేశారు. హరిత కిటికీలోంచి వాననూ, మొలకలనూ, నాయన ముఖాన్నీ చూసింది. ఏ ఒక్కదాని మీదా కోపం తెచ్చుకోలేకపోయింది.

వాన ఆగలేదు. వేరుశనగ మొక్కలు నీళ్ళలో నిలబడి పసుపు తిరిగాయి. ధర్మవరంలో మగ్గం గుంటలు నిండాయి. శ్రావణం మొదటి ముహూర్తానికి చంద్రప్పగారి షామియానా పెళ్ళికొడుకు వైపు బంధువుల మీద కూలింది. మూడు ఊళ్ళూ ఒకే మాట మీదికి వచ్చాయి. యల్లప్ప తడుస్తూ వచ్చి సంచి ముడి స్వయంగా విప్పాడు.

"చూడు పాపా. బాగా చూడు."

"ఇంత మోడంలో ఏం కనపడతాది తాతా?"

"కనపడల్సింది నీకు. మాకు నువ్వు చూస్తే చాలు."

హరిత ఆలోచించి, "చూస్తా. నా ప్రాజెక్టు అయ్యేదాకా ఎవరూ సంచి మాట ఎత్తకూడదు. గడువు కూడా పొడిగించల్ల" అంది. చంద్రప్పగారు ఫోనులోనే గడువు పొడిగించారు. నలుగురు మనుషులు మిద్దె మీద టార్పాలిన్ పట్ట పట్టుకుని నిలబడ్డారు. చౌడక్క గొడుగు పట్టింది. హరిత కిందికి వంగి, అద్దానికి తేమ తగలకుండా మూత తీయకనే, కన్ను పెట్టి ఓపికగా చూసింది. ఊరంతా ఊపిరి బిగబట్టింది. అంజనప్ప నవ్వు దాచుకోవడానికి మెట్ల కిందికి పోయాడు.

కొన్నాళ్ళకు ఆకాశం తెరిపిచ్చింది. సగం పంట దక్కింది. హరిత మూత తీసింది. ప్రాజెక్టు పూర్తయింది, డిగ్రీ వచ్చింది, బెంగళూరులో సీటూ వచ్చింది.

ఇప్పుడు ఆ కోర్సులో సీట్లు దొరకడం లేదు. అగళి, అమరాపురం, ఆమడగూరు వైపు ప్రతి ఊరూ తన తరఫున ఒక పిల్లను పంపుతోంది. పక్క ఊరి అమ్మాయి చూస్తుంటే మన ఊరి అమ్మాయి చూడకుండా ఎట్లా? బెంగళూరు వెళ్ళే ముందు హరితకు కాలేజీలో శాలువా కప్పారు. వానను పిలిచిన, వానను పంపిన బిడ్డ అని చంద్రప్పగారు కొనియాడారు. ఆమె తను గీసిన పటం చుట్టి తెచ్చుకుంది. మైకు ముందుకొచ్చి దాన్ని విప్పబోతుండగా భోజనాలకు పిలిచారు.

ఆమె అన్ని వారాలు చూసింది ఏ నక్షత్రమో, అది ఎందుకట్లా వెలిగి ఆరుతుందో ఆ మూడు ఊళ్ళలో ఇంతవరకు ఎవరూ అడగలేదు. వాళ్ళననడం దేనికి? మీరు కూడా ఇంతదాకా వాన పడిందా, ఆగిందా అనే చూస్తూ వచ్చారు. నక్షత్రం పేరేమిటని అడగలేదు.

అడిగి ఉంటే చెప్పేవాళ్ళం.