ముందు కాళ్ళు మూడు నూళ్ళు

ఆ ఉదయం వడ్రంగి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కాలేజీ చేరాలి. తొమ్మిదిలోపు కంప్యూటర్లో కుర్చీ పూర్తి చెయ్యాలి. తొమ్మిదిన్నరకి మేడమ్‌కి చూపించి మార్కు వేయించుకోవాలి. ఆ తర్వాత వెనక వరసలో కూర్చుని, ఎవరి జోలికీ పోకుండా సాయంత్రం దాకా గడిపెయ్యాలి.

మేడమ్ అంటే ఆయన కూతురే. ఇంట్లో "అమ్మాయ్", కాలేజీ గేటు దాటితే "మేడమ్ గారు". ఆ ఏర్పాటు కూతురిదే. భార్య పోయి ఏడాదిన్నర అయింది. నలభై ఏళ్ళు రంపం పట్టిన మనిషి దుకాణం తలుపు తియ్యడం మానేసి గోడకేసి చూస్తూ కూర్చోవడం చూడలేక, తను పాఠం చెప్పే కంప్యూటర్ డిజైన్ కోర్సులోనే ఆయన్ని చేర్పించింది.

"చెక్క లేకుండా కుర్చీ చెయ్యడమేమిటే?" అన్నాడాయన అప్పట్లో.

"చేసి చూడు నాన్నా. పొట్టు కూడా ఊడ్చక్కర్లేదు" అంది.

చిత్రంగా ఆయనకి ఆ పని పట్టుబడింది. తెర మీద చతురస్రం గీసి పైకి లాగితే దిమ్మ అవుతుంది. దిమ్మని తిరగేసి అడుగు నుంచి కూడా చూసుకోవచ్చు. మేకు వంకరపోదు, వేలికి దెబ్బ తగలదు. క్లాసులో పిల్లలందరూ ఆయన్ని బాబాయ్ అని పిలిచేవారు. బాబాయ్‌కీ మేడమ్‌కీ ఉన్న చుట్టరికం మాత్రం వాళ్ళకి తెలియదు. స్కూటరు వీధి మలుపులో ఆపి, ఆయన్ని దింపి, కూతురు ముందు వెళ్ళిపోయేది. ఆయన వెనకాల తాపీగా నడిచి వచ్చేవాడు.

ఆ రోజు స్కూటరు మీద కూతురు ఒక మాట చెప్పింది.

"నాన్నా, ఇవాళ పదింటికి బోర్డు నుంచి ఇంజినీరుగారు వస్తున్నారు. మా కాలేజీ హాలుకి కొత్త కుర్చీలు వేయించాలని నేను గీసిన డ్రాయింగు చూస్తారు. ఆవిడకి నచ్చితే నా ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే ఈ టర్ముతో సరి."

"నేనేమైనా చెయ్యాలా?"

"ఏమీ చెయ్యకు. అంతకంటే సాయం లేదు."

ఆయన సరేనన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

క్లాసుకిచ్చిన పని, ఇంట్లో ఉన్న వస్తువు ఒకదాన్ని కొలిచి, ఉన్నదున్నట్టు కంప్యూటర్లో తయారు చెయ్యడం. ఆయన వంటింట్లో కుర్చీని ఎంచుకున్నాడు. భార్యకి మోకాళ్ళ నొప్పులు మొదలైనప్పుడు కూర్చుని కూరలు తరుక్కోవడానికి చేసిచ్చిన కుర్చీ అది. వంటింటి నేల తూము వైపుకి వాలుగా ఉండేది. మామూలు కుర్చీ వేస్తే మనిషి ముందుకి జారిపోతుంది. అందుకని ముందు కాళ్ళు రెండూ వెనక కాళ్ళకంటే మూడు నూళ్ళు పొడుగు పెట్టాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ తేడా చూసేవాళ్ళకి కనిపించదు. కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా కుర్చీ పూర్తయింది. దాచిపెట్టబోతే కంప్యూటర్ పేరు అడిగింది. "కుర్చీ" అని కొట్టాడు. వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. ఆ పేరుతో ఒక ఫైలు ముందే ఉంది, రీప్లేస్ చెయ్యమంటారా అని.

ఆయన పక్క సీటు అమ్మాయి వైపు తిరిగాడు. ఆ పిల్లని క్లాసంతా షార్ట్‌కట్ అంటారు. మౌసు ముట్టుకోకుండా మీటల మీదే పనంతా కానిచ్చేస్తుంది. మాట్లాడటం కూడా అంత పొదుపే.

"షార్ట్‌కట్ తల్లీ, 'రీ' అంటే ఏమిటన్నావు మొన్న?"

"మళ్ళీ అని బాబాయ్. రీస్టార్ట్ అంటే మళ్ళీ మొదలు. రీఛార్జ్ అంటే మళ్ళీ ఛార్జ్" అంది ఆ పిల్ల తన తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"మరి ప్లేస్ అంటే చోటు."

"ఊఁ."

వడ్రంగికి సంతోషం కలిగింది. రీప్లేస్ అంటే తీసిన వస్తువుని మళ్ళీ దాని చోట పెట్టడమన్నమాట. దుకాణంలో ఉలి తీసినా, సుత్తి తీసినా, పని కాగానే మళ్ళీ దాని చోట పెట్టాలని నలభై ఏళ్ళు ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఈ యంత్రం తనంతట తనే అడుగుతోంది. ఎంత మర్యాద! ఆయన తృప్తిగా "అవును" నొక్కాడు.

ఆయన నొక్కింది తన ఫోల్డరులో కాదు, క్లాసు మొత్తానికీ కలిపి ఉన్న ఫోల్డరులో. అక్కడ అంతవరకూ ఉన్న "కుర్చీ" మేడమ్ తయారు చేసింది. హాలు డ్రాయింగులో పన్నెండు వరసల్లో ఉన్న మూడు వందల పన్నెండు కుర్చీలకీ మూలం అదే. ఆ ఒక్క ఫైలు మారితే హాల్లో కుర్చీలన్నీ వాటంతటవే మారిపోయేట్టు ఆమె అమర్చిపెట్టింది. ఆ ఏర్పాటు గురించి గర్వంగా రెండు పాఠాలు కూడా చెప్పింది. ఆ రెండు రోజులూ బాబాయ్ పంటి డాక్టరు దగ్గరున్నాడు.

తొమ్మిదిన్నరకి మేడమ్ పెద్ద తెర సర్దే హడావిడిలో పడి మార్కులు సాయంత్రానికి వాయిదా వేసింది. పదింటికి ప్రిన్సిపాల్, ఆయన వెంట ఇంజినీరుగారు వచ్చారు. ఆవిడ పొట్టిగా, గట్టిగా ఉంది. చేతిలో చిన్న పుస్తకం, పెన్ను. కూతురు గోడమీది పెద్ద తెర వెలిగించింది. హాలు వచ్చింది. స్టేజీ, కిటికీలు, నున్నటి నేల అన్నీ ఉన్నాయి. కుర్చీలు మూడు వందల పన్నెండూ, భోజనం చేసి పడక్కుర్చీలో చేరినట్టు, వెనక్కి వాలి ఉన్నాయి.

కూతురి చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

"ఇదేమిటి, వెనక్కి వాలాయి?" అంది ఇంజినీరుగారు.

ప్రిన్సిపాల్ జవాబు లేని ప్రశ్నని భరించలేని మనిషి. "విశ్రాంతి కోసమండీ. మా ఆలోచనే" అన్నాడు.

వెనక వరసలో వడ్రంగి ఆ కుర్చీ వీపుని చూశాడు. మూడు పట్టీలు, నడిమి పట్టీకి గుండ్రటి అంచు.

"షార్ట్‌కట్, నా కుర్చీ ఏమిటి అక్కడుంది?"

ఆ పిల్ల ఒంగి ఆయన తెర చూసింది. "బాబాయ్! అందరి ఫోల్డరులో సేవ్ చేశావ్. మేడమ్ కుర్చీ పోయింది."

"పోవడమేమిటి? దాని చోట దాన్ని పెట్టమన్నానుగా?"

"రీప్లేస్ అంటే దాని చోట *నీది* పెట్టడం."

ఇప్పుడు లేచి చెబితే అమ్మాయి పరువు పోతుంది. చప్పుడు చెయ్యకుండా సరిచేస్తే ఎవరికీ తెలియదు. ముందు కాళ్ళు మూడు నూళ్ళు కోసేస్తే చాలు. ఆయన గబగబా కాళ్ళు పట్టుకుని, మూడు అని కొట్టి, సేవ్ చేశాడు. కంగారులో మర్చిపోయింది ఒక్కటే. కంప్యూటరుకి నూళ్ళు తెలియవు. దానికి మూడంటే మూడంగుళాలు.

గోడమీద మూడు వందల పన్నెండు కుర్చీలూ ఒక్కసారిగా ముందుకి ఒరిగి స్టేజీకి వంగి దణ్ణం పెట్టాయి.

"కదిలాయి!" అంది ఇంజినీరుగారు.

"కదులుతాయండీ" అన్నాడు ప్రిన్సిపాల్ నుదురు తుడుచుకుంటూ. "ఆధునిక పద్ధతి."

వడ్రంగి వెనక కాళ్ళు కూడా మూడంగుళాలు కోశాడు. కుర్చీలు మళ్ళీ వెనక్కి వాలాయి. కాకపోతే ఈసారి పొట్టిగా. రెండు వైపులా ఒకే కొలత కోస్తే తేడా ఎక్కడికీ పోదని, దుకాణంలో అయితే ఆయనే కుర్రవాళ్ళ చెవి మెలిపెట్టి చెప్పేవాడు. ఇప్పుడు చెవి మెలిపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. మళ్ళీ ముందు కాళ్ళు కోశాడు. మళ్ళీ వెనక కాళ్ళు. ముందుకి, వెనక్కి, ముందుకి, వెనక్కి. హాలు మొత్తం ఊగుతూ కుంగిపోసాగింది.

"పొట్టివైపోతున్నాయే?"

"పిల్లలు వచ్చినప్పుడు పొట్టి, పెద్దవాళ్ళు వస్తే ఎత్తు" అన్నాడు ప్రిన్సిపాల్. "మనిషిని బట్టి వాటంతటవే సర్దుకుంటాయి."

"మూడు వందల పన్నెండూనా?"

"ఒక్కటి కూడా తగ్గదు."

ఇంజినీరుగారు అది పుస్తకంలో రాసుకుంది. రాసి, కింద రెండు గీతలు గీసింది. ఆ గీతలు చూసి కూతురి మొహం పాలిపోయింది. నాలుగో విడత కోత పూర్తయ్యేసరికి హాల్లో కుర్చీలు లేవు. వీపున్న పీటలు మూడు వందల పన్నెండు మిగిలాయి.

"బాబాయ్, ఆపు! కంట్రోల్ జెడ్ కొట్టు!" అని గుసగుసలాడింది షార్ట్‌కట్.

"దానివల్ల ఏమవుతుంది?"

"కోసింది మళ్ళీ అతుక్కుంటుంది."

కోసిన చెక్క అతుక్కోవడం ఆయన నలభై ఏళ్ళలో చూడలేదు. నమ్మకం లేకుండానే నొక్కాడు. వెనక కాళ్ళు మూడంగుళాలు పెరిగాయి. ఇంకోసారి నొక్కాడు. ముందు కాళ్ళు పెరిగాయి. నొక్కిన కొద్దీ కుర్చీ లేచి నిలబడుతోంది. ఎనిమిదిసార్లు నొక్కేసరికి వంటింట్లో ఉన్న కుర్చీ ఉన్నట్టుగా వచ్చేసింది. ముందు కాళ్ళు మూడు నూళ్ళు పొడుగు. ఇక ఆ మూడు నూళ్ళు తీసేస్తే అన్నీ సమం.

ఆయన వేలు మీట మీదే ఉండిపోయింది. కొంతసేపు ఆ కుర్చీని చూశాడు. తర్వాత ఉన్నదాన్ని ఉన్నట్టే సేవ్ చేసి, లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఆ కుర్చీ నాది. కోసిందీ నేనే. అవి వాటంతటవి కదల్లేదు."

షార్ట్‌కట్ ఆయన చొక్కా లాగింది. "మేడమ్‌ని అమ్మాయ్ అంటావేంటి బాబాయ్!"

"మా నాన్నే" అంది కూతురు. గేటు దగ్గర పెట్టుకున్న ఏర్పాటు అక్కడితో ముగిసింది.

ఇంజినీరుగారు ప్రిన్సిపాల్ వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు.

"ముందు కాళ్ళు ఎందుకు పొడుగు పెట్టారు?" అని ఆవిడ వడ్రంగిని అడిగింది.

"మా వంటిల్లు వాలండీ. మా ఆవిడ జారిపోకుండా పెట్టాను."

"వంటింటి కుర్చీ తెచ్చి హాల్లో పెడతారా?" అన్నాడు ప్రిన్సిపాల్, కోప్పడటానికి ఒకరు దొరికారు కదా అని. "మా హాలు నేల బల్లపరుపు!"

"కొలిచారా?" అంది ఇంజినీరుగారు.

కూతురు తల వంచుకుంది. "పాత డ్రాయింగు చూసి గీశానండీ. కొలవాల్సింది. కొలవలేదు. తప్పు నాదే."

అందరూ వరండా దాటి హాల్లోకి వెళ్ళారు. వడ్రంగి కొలతల కోసం తెచ్చుకున్న సంచీలోంచి రసమట్టం తీసి, పాత కుర్చీ ఒకటి పక్కకి జరిపి, నేలమీద పెట్టాడు. గాజుగొట్టంలో బుడగ వెనక గోడ వైపుకి జరిగిపోయి అక్కడే కూర్చుంది. స్టేజీ వైపు కిందికి పెన్సిలు ముక్క దూర్చి, తీసి, మళ్ళీ దూర్చి, కొలబద్ద పెట్టి చూశాడు.

"స్టేజీ వైపు వాలుందండీ. ఒక కుర్చీ లోతుకి నాలుగు నూళ్ళు. నా కుర్చీ ఇక్కడికి ఒక నూలు చాలదు."

"అసాధ్యం" అన్నాడు ప్రిన్సిపాల్. "ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నాను ఈ హాలుని."

"ఎక్కణ్ణుంచి?"

"స్టేజీ మీంచి."

"ఓసారి ఇక్కడ కూర్చోండి" అంది ఇంజినీరుగారు.

ఆయన నాలుగో వరసలో పాత కుర్చీలో కూర్చున్నాడు. నిమిషం గడిచేసరికి కొద్దికొద్దిగా ముందుకి జారాడు. సర్దుకున్నాడు. మళ్ళీ జారాడు. చివరికి రెండు చేతులూ మోకాళ్ళకి ఆన్చి, మెడ సాచి, స్టేజీకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆయన మొహంలో ఏదో మారింది.

"నా ప్రసంగాలప్పుడు అందరూ ఇలాగే కూర్చునేవారు" అన్నాడు నెమ్మదిగా. "శ్రద్ధ అనుకున్నాను."

షార్ట్‌కట్ దగ్గు వచ్చినట్టు బయటికి పరుగెత్తింది.

ఇంజినీరుగారు పుస్తకం తెరిచి, రెండు గీతలున్న వాక్యం కొట్టేసింది. "ఇరవయ్యేళ్ళలో ఈ నేల కొలిచినవాడు ఈయనొక్కడే. తప్పు తమదని ఒప్పుకున్నవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ ఒక ఇంటివాళ్ళే అయ్యారు." కూతురి వైపు తిరిగింది. "నేల కొలిచి డ్రాయింగు మళ్ళీ గియ్యండి. కుర్చీ ఇదే ఉంచండి, ఒక నూలు కలిపి. మీ కాగితం మీద ఇవాళే సంతకం పెడతాను."

"నూలు అని రాయమంటారా మేడమ్?" అంది కూతురు.

"రాయండి. బ్రాకెట్లో అంగుళాలు కూడా వెయ్యండి. అందరికీ తెలియద్దూ?"

ఆ సాయంత్రం స్కూటరు వీధి మలుపులో ఆగలేదు. గేటులోంచే ఇద్దరూ ఎక్కి వచ్చారు.

"నాకు మార్కులు ఎన్నేశావు?" అన్నాడాయన వెనక నుంచి.

"పదికి తొమ్మిది. ఒకటి తప్పు ఫోల్డరుకి."

"న్యాయమే" అన్నాడాయన. ఇంటికి వెళ్ళాక దుకాణం తలుపు తీసి, తుప్పు పట్టిన రంపాన్ని దీపం కింద పెట్టుకుని చాలాసేపు పదును పెట్టాడు. ఆ చప్పుడు విని కూతురు వంటింట్లో పని ఆపి, కాసేపు అలాగే నిలబడింది.

నాలుగు నెలలకి కొత్త కుర్చీలు వచ్చాయి. మొదటి సభలో ప్రిన్సిపాల్ గంటసేపు మాట్లాడాడు. మూడు వందల పన్నెండు మందీ హాయిగా వీపు ఆన్చి కూర్చున్నారు. అరగంటకి సగం మంది కళ్ళు మూసుకున్నారు. మిగతా సగం మంది, వాళ్ళని లేపకుండా ఉండటానికి చప్పట్లు కూడా కొట్టలేదు.

సభ అయ్యాక ప్రిన్సిపాల్ జనంలో వెతుక్కుంటూ వచ్చి, వడ్రంగిని తలుపు పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు: "బాబాయ్‌గారూ, ఆ ముందు కాళ్ళు ఒక్క రెండు నూళ్ళు కొయ్యడానికి వీలవుతుందా?"