పెట్టె మాస్టారి కీబోర్డు కుట్ర

పెట్టె మాస్టారు ఆ శనివారం ఒక కుట్ర పన్నాడు. కుట్ర పన్నేవాడికి ఉండాల్సిన మొదటి అర్హత, పెళ్ళాం ఎదురుగా నిలబడి మొహం మారకుండా అబద్ధం చెప్పగలగడం. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఆ ఒక్క విద్యా ఆయనకు పట్టుబడలేదు. అయినా పన్నాడు. అదీ ఆయన ధైర్యం.

వారమంతా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. వీధిలో అందరి గడియారాలూ ఆయన చెప్పినట్టు నడుస్తాయి. ఇంట్లో మాత్రం ఏదీ ఆయన చెప్పినట్టు నడవదు. ఆదివారం ప్రార్థన మందిరంలో హార్మోనియం వాయిస్తాడు కాబట్టి సంఘం మొత్తానికీ ఆయన పెట్టె మాస్టారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన శ్రుతి ఇవ్వనిదే అక్కడ ఎవరూ నోరు తెరవలేదు. పాట ఎంత నిదానంగా నడవాలో కూడా ఆయన ఇష్టమే. నాలుగు చరణాల పాట ఆయన చేతిలో పడిందంటే మూడో చరణానికి చంటిపిల్లలు నిద్రపోయేవాళ్ళు, నాలుగో చరణానికి వాళ్ళ తండ్రులు.

అలాంటి మనిషి నెత్తిన పాస్టరుగారు కిందటి ఆదివారం సంఘం అందరి ముందూ పిడుగు వేశారు. "వచ్చే ఆదివారం కొత్త తరహా ఆరాధన చేసి చూద్దాం. కీబోర్డు, డ్రమ్ములు, గిటారు. మొదటి పాట అవగానే మీరే చేతులెత్తి చెప్పండి, కొనసాగాలో వద్దో. ఆ ఒక్క వారం హార్మోనియానికి విశ్రాంతి" అన్నారు.

విశ్రాంతి అన్న మాట మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది. మనిషిని సాగనంపేవాళ్ళు ముందుగా వాడే మాట అదేనని ఆయనకు తెలుసు.

పోనీ కీబోర్డు వాయించేది పరాయివాళ్ళా అంటే, అదీ కాదు. సొంత కూతురే. డ్రమ్ములు పళ్ళ డాక్టరువి. ఆరు రోజులు పళ్ళు పీకింది చాలక ఏడో రోజు చెవులు పీకుతాడా ఈయన అని మాస్టారు లోలోపల కుతకుతలాడిపోయాడు.

"దేవుడి సన్నిధిలో డాన్సు దరువేంటే?" అని శనివారం పొద్దున్నే పలహారం ముందు కూర్చుని భార్యను నిలదీశాడు.

ఆవిడ లెక్కల టీచరు. సంఘంలో ఆడవాళ్ళకు పాటలు నేర్పేది కూడా ఆవిడే. ఏ మాటకైనా ఆధారం చూపించమనడం ఆవిడకు అలవాటు.

"వాక్యంలో తాళాలున్నాయి, తంబురలున్నాయి, నాట్యం కూడా ఉంది. హార్మోనియం ఎక్కడుందో ఒక్క వచనం చూపించండి."

మాస్టారు ముద్ద గబుక్కున మింగాడు. "అవన్నీ పాతకాలం వాద్యాలు. పవిత్రమైనవి."

"ఆ కాలంలో అవి కొత్తవేగా?"

"పాట వింటే మోకరించాలనిపించాలి గానీ కాళ్ళు ఆడించాలనిపించకూడదే!"

"మీ పాట వింటే పడుకోవాలనిపిస్తోందండీ. అదీ ఒక రకం సాష్టాంగమే అనుకోండి."

"నిదానంగా పాడితేనే మాటల్లో అర్థం మనసుకెక్కుతుంది."

ఆ ఒక్క మాటా ఆవిడ కాదనలేదు. "నిజమే. కానీ కుర్రకారు సగం మంది పాట మధ్యలో బయటికి జారుకుంటున్నారు. ఇంక ఎవరి మనసుకెక్కాలండీ?"

జవాబు లేనివాళ్ళే కుట్రలు పన్నుతారు.

కుట్ర ఏమిటంటే, కీబోర్డు ఇంట్లోనే ఉంది. అందులో నూరు రకాల దరువులున్నాయి. కూతురు మొదటి పాటకు మెత్తటి దరువొకటి ఎంచుకుని, చివరనున్న ఎర్ర బటన్‌లో దాచిపెట్టుకుంది. అది నొక్కితే చాలు, దరువు దానంతట అదే మొదలవుతుంది. ఆ మెత్తటిదాన్ని తీసేసి, నూరింటిలోకీ పిచ్చిదాన్ని అందులో పెడితే? గంభీరమైన ప్రార్థన పాటకు తైతక్కలాట మొదలవుతుంది. పెద్దలు చెవులు మూసుకుంటారు. మొదటి బెంచీ మామ్మగారు లేచి బయటికి నడుస్తారు. ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు.

పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమోనన్న బాధ ఒక్కటే ఆయన్ని పీకింది. మంచి చేతిగడియారం ఒకటి తయారుచేసి ఇస్తే సరిపోతుందిలే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

ఆ రోజు మాస్టారు షాపు తెరవలేదు. మధ్యాహ్నం కూతురు స్నేహితురాలింటికి వెళ్ళింది. భార్య పక్కగదిలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. మాస్టారు గడియారాల భూతద్దం కంటికి తగిలించుకుని, చీమ తలకాయంత అక్షరాలు కూడబలుక్కుంటూ ఒక్కో దరువూ సన్నగా పెట్టి విన్నాడు. ఎనభై ఏడో దరువు మొదలవగానే ఆయన కాలి బొటనవేలు తనంతట తనే ఊగడం మొదలుపెట్టింది. వేలిని మందలించి, ఇదే సరైనది అని నిర్ణయించుకున్నాడు. దాన్ని ఎర్ర బటన్‌లోకి ఎక్కించాడో లేదో, గుమ్మంలో భార్య.

"ఏం చేస్తున్నారు?"

"దుమ్ము తుడుస్తున్నా."

"గుడ్డ ఏదీ?"

"ఊదుతున్నా."

ఆవిడ ఆయన కంటికున్న భూతద్దం వైపు చూసింది. "అంత చిన్న దుమ్మా?"

"నలకలు. వీటికి నలకలు చాలా ప్రమాదం."

ఆవిడ "ఊఁ" అని వెళ్ళిపోయింది. ఆ ఊఁలో ఏముందో పట్టుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఆయన పట్టుకోలేదు.

ఆదివారం మందిరానికి బయల్దేరే వేళకు కూతురు కుడిచేతి వేళ్ళకు కట్టుతో వచ్చి నిలబడింది.

"ఏమైందమ్మా?" అని మాస్టారు కంగారుపడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇస్త్రీపెట్టె తగిలింది నాన్నా. చిన్నదే గానీ వాయించలేను."

ఆయన ముందు తండ్రిలా బాధపడ్డాడు, ఆ తర్వాత కుట్రదారులా సంబరపడ్డాడు. "అయితే ఈ కొత్త ఆరాధన వాయిదా పడినట్టే!"

"వాయిదా ఎందుకూ, మీరున్నారుగా?" అంది భార్య.

"నేనా? ఆ ప్లాస్టిక్ దాని మీదా?"

"మెట్లు అవేగా. తెల్లవి తెల్లవే, నల్లవి నల్లవే."

మందిరంలో ఇంకా ఏదైనా సాకు చెబుదామనుకునేలోపే పాస్టరుగారు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. "మీకు ఇష్టం లేకపోయినా ముందుకొచ్చారట. ఎంత పెద్ద మనసు మాస్టారూ!" అన్నారు. పెద్ద మనసు బిరుదు వచ్చాక ఇక తప్పించుకోవడం ఎలా? మాస్టారు వెళ్ళి కీబోర్డు ముందు నిలబడ్డాడు.

"ముందు ఎర్ర బటన్ నొక్కు నాన్నా. మిగతాది అదే చూసుకుంటుంది" అని కూతురు చెవిలో చెప్పి దిగిపోయింది.

తను తవ్విన గోతిలోకి తననే దింపారు. మాస్టారు బుర్ర చకచకా పనిచేసింది. ఎర్ర బటన్ జోలికే పోకూడదు. దరువూ గిరువూ లేకుండా ఎప్పటిలాగే నిదానంగా వాయించేస్తే, ఇందులో కొత్తదనం ఏముందని అందరూ పెదవి విరుస్తారు. అదీ గెలుపే. ఆ ధీమాతో పాట ఎత్తుకున్నాడు. పల్లవి సవ్యంగానే సాగింది. పళ్ళ డాక్టరు కర్రలు పైకెత్తి పట్టుకుని దరువు కోసం చూశాడు, చూశాడు, మాస్టారు మరిచిపోయారని నిశ్చయించుకున్నాడు. ఎదుటివాళ్ళ నోట్లోకి వంగి పనిచేసే మనిషికి కీబోర్డు మీదికి వంగడం ఒక లెక్కా? డ్రమ్ము కర్ర కొసతో ఎర్ర బటన్ నొక్కేశాడు.

మందిరం గోడలు అదిరాయి.

మాస్టారు ఆపే బటన్ కోసం వెతికాడు. ఒకటి నొక్కితే బాకాలు మోగాయి. ఇంకొకటి నొక్కితే ఎవరూ కొట్టకుండానే చప్పట్లు మోగాయి. వాయించడం మానేద్దామంటే సంఘం చరణం మధ్యలో ఉంది. పాడేవాళ్ళను నడిమధ్యలో వదిలెయ్యడమనే పాపం ఆయన ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ చేయలేదు. చేసేదిలేక కుడిచెయ్యి దరువు వెంట పరుగు అందుకుంది.

ఇక ఎడమచెయ్యి. హార్మోనియం పలకాలంటే కుడిచెయ్యి మెట్ల మీద ఆడుతున్నంతసేపూ ఎడమచెయ్యి పెట్టె వెనక తిత్తి ఆడిస్తూ గాలి కొట్టాలి. కీబోర్డు కరెంటుతో పలుకుతుందని మాస్టారు బుర్రకు తెలుసు గానీ చేతికి తెలియదు కదా! కంగారులో అది కీబోర్డు వెనక, లేని తిత్తిని వెతుక్కుంటూ గాలిలో ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. దరువు హెచ్చిన కొద్దీ భుజం దాటి పైకి లేచింది.

బెంచీల్లో ఉన్నవాళ్ళకు తిత్తి సంగతి ఏం తెలుసు? పెట్టె మాస్టారంతటివాడు పరవశించి చెయ్యి ఊపుతున్నాడనుకున్నారు. ముందు వరస చేతులు లేచాయి, వెనక వరసవి లేచాయి. పాస్టరుగారు కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఊపారు. మామ్మగారు బెంచీ పట్టుకుని లేచి నిలబడి చప్పట్లు అందుకున్నారు. బయట మెట్ల మీద ఫోన్లు చూసుకుంటున్న కుర్రకారు ఏం జరుగుతోందోనని లోపలికి తొంగిచూసి, వచ్చి నిలబడి, గొంతు కలిపారు.

అదే పాట, అవే మాటలు. ఒక్క మాటా మింగకుండా అందరూ గొంతు విప్పి పాడుతున్నారు. ఆ మందిరంలో అంత నిండైన పాట విని ఎన్నేళ్ళయిందో మాస్టారికి గుర్తులేదు. ఆయనకు సంతోషం వేసింది. సంతోషం వేసినందుకు సిగ్గూ వేసింది.

పాట ముగిసింది. "కొనసాగాలనేవాళ్ళు చేతులెత్తండి" అని పాస్టరుగారు అడిగేసరికి, దించిన చెయ్యి ఒక్కటీ లేదు. మాస్టారి ఎడమచెయ్యి కూడా ఇంకా గాల్లోనే ఉంది.

ఆరాధన అయ్యాక మామ్మగారు ఆయన్ని నిలేశారు. "ఇన్నాళ్ళూ ఈ చురుకంతా ఎక్కడ దాచావయ్యా? నీ పాట పూర్తయ్యేలోపు నా మోకాళ్ళు బిగుసుకుపోయేవి."

ఇంటికొచ్చి అన్నాల దగ్గర కూర్చున్నారు. కూతురు కట్టు విప్పి పక్కన పెట్టి, శుభ్రంగా ఐదు వేళ్ళతో కలుపుకుంది. మాస్టారు ఆ వేళ్ళ వైపు చూశాడు.

"ఇస్త్రీపెట్టె తగిలిందన్నావు?"

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి తాపీగా కూర వడ్డించింది.

"నిన్న మీరు లేచాక నేనూ వెళ్ళి ఎర్ర బటన్ నొక్కి చూశాను. మీరు పెట్టిన వేగానికి మామ్మగారు ఆసుపత్రి పాలయ్యేవారు. పాట నడకకు సరిపోయేలా లెక్కవేసి తగ్గించాను. మీరు కంగారులో మరిచిపోతే నొక్కమని డాక్టరుగారికి చెప్పింది కూడా నేనే."

"దరువే మార్చెయ్యొచ్చుగా?"

"అన్నిటిలోకీ అదే బాగుందండీ. మీకు చెవి ఉంది, ఆ మాట ఎప్పుడూ కాదనను."

మాస్టారు కంచం కాస్త పక్కకు జరిపాడు. "ఎందుకే ఇదంతా?"

ఆవిడ గరిటె కింద పెట్టింది. "అమ్మాయి వాయిస్తే అమ్మాయి నెగ్గేది. మీరు వెనక బెంచీలో కూర్చునేవారు. పెట్టెతో పాటు మిమ్మల్నీ గుడ్డ కప్పి పక్కన పెట్టేస్తారని వారం రోజులుగా బెంగపెట్టుకున్నారు. నాకు తెలియదా? పెళ్ళికి మూడేళ్ళ ముందు నుంచీ మీ శ్రుతికి పాడుతున్నాను. ఈ వయసులో ఇంకొకళ్ళ శ్రుతికి పాడటం నా వల్ల కాదు."

మాస్టారు గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు.

"ముందే అడిగి ఉండొచ్చుగా?"

"అడిగితే వాయించేవారా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "లేదు."

"మరి? ఇక రోజూ సాయంత్రం ఆరింటికి అమ్మాయి మీకు కీబోర్డు నేర్పుతుంది. పాస్టరుగారికి మాటిచ్చేశాను."

"ఏడింటి దాకా నా షాపు ఎవరు చూస్తారు?"

"ఐదున్నరకే మూసేస్తామని షాపు తలుపు మీద రాసి అంటించానండీ."

"ఎప్పుడు?"

"శుక్రవారం రాత్రి, మీరు షాపు మూసి వచ్చాక."

మాస్టారు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. తను కుట్ర పన్నింది శనివారం. ఆయన భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి, కూతురు వేసిన కుర్చీలో కీబోర్డు ముందు కూర్చున్నాడు.