మా ముసలాయన ఫొటోకి మా ముసలాయనే అడ్డం

జాలరి బతుక్కి వలెందుకండీ? ఇంజనెందుకు, ఐసెందుకు? కెమెరా ఒక్కటి చాలు!

నవ్వకండి. నలభై ఏళ్లు సముద్రం మీద తిరిగినా మా ముసలాయన్ని వీధి చివర టీ కొట్టువాడు కూడా పట్టించుకోలేదు. ఒక్క ఫొటో దిగాడో లేదో, మద్దిలపాలెం నుంచి జనం వచ్చి ఆయన కింద నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు. విశాఖ ఒడ్డున చేపలు తగ్గిపోయాయని ఏడ్చేవాళ్లకి ఒకటే చెబుతాను. చేపలు పట్టేవాళ్లని పట్టేవాళ్లు ఏటా పెరుగుతున్నారు కదా, అది చాలదూ?

మాకు దొరికిన ఫొటోలమ్మాయి పేరు సత్యశ్రీ. మంచి పిల్ల. పరిచి ఉన్న వల మీద చెప్పుకాలు పెట్టకూడదని ఎవరూ చెప్పకుండానే చెప్పులు చేత్తో పట్టుకుని చుట్టూ తిరిగొచ్చింది. ఆ మర్యాద మా పిల్లల్లోనే లేదు! "కష్టపడే మత్స్యకారుణ్ణి ఉన్నదున్నట్టు తీస్తాను మామ్మా" అంది.

కాకపోతే వచ్చింది మే నెలలో. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. మోటారు బోట్లన్నీ ఒడ్డునే. ఉన్నదున్నట్టు తీస్తే మా ముసలాయన మంచం మీద గురక పెడుతుండాలి!

"పోనీ, వేటకి ఎలా వెళ్తారో అలాగే రండి తాతా" అంది. ఆయన నిక్కరు, ఫుట్‌బాల్ టీషర్టు వేసుకుని, చేతిలో జీపీఎస్ డబ్బా పట్టుకుని వచ్చాడు. పాపం, ఆ పిల్ల మొహం వాడిపోయింది.

"గోచీ లేదా తాతా?"

"గోసీ ఏటి తల్లీ? అది మా నాయనతోటే పోయింది."

ఉన్నదున్నట్టు రావాలంటే లేనిది పుట్టించాలి కదా! నా గులాబీరంగు చీర ఒకటి కత్తిరించి, చుక్కల అంచు పైకి కనబడేలా నేనే గోచీ పెట్టించాను.

ఇంతలో వెనకాల ఒక ఓడ. "అది వెళ్లిపోయాక తీద్దాం" అంది సత్యశ్రీ. పోర్టులో చోటు కోసం మూడు రోజులుగా లంగరేసుకుని కూర్చున్న బొగ్గు ఓడ అది, ఎక్కడికి వెళ్తుంది? చివరికి ఓడని తిప్పలేక ముసలాయన్ని తిప్పింది. మోకాలు లోతు నీళ్లలో ఇరవై మూడుసార్లు వల విసిరాడు. పడింది ఒక ప్లాస్టిక్ చెప్పు.

"నిసేదం కదా, దీన్ని మళ్లీ నీళ్లలో వొగ్గెయ్యాలేటి?" అన్నాడు.

నెల తిరగకుండా ఆ ఫొటో బీచ్‌లో ముప్పై అడుగుల బోర్డయింది. ఒడ్డుకి అందం తేవడానికి వేసిన కమిటీ ఏదో ఉందిలెండి, వాళ్లు పెట్టించారు. కింద 'మన మత్స్యకారుడు, మన గర్వం' అని అక్షరాలు. గాజువాక నుంచి మా అమ్మాయి తాయారు ఫోన్ చేసింది.

"అమా, నాన్న బీచ్ రోడ్డులో ఉన్నాడే! నీ సీర కట్టుకున్నాడేటే?"

చూశారా, కీర్తి ఎంత దూరం వెళ్లిందో!

బోర్డుకి స్తంభాలు ఎక్కడ పాతారంటారా? మేం బోటు లాక్కుని, వలలు ఆరేసుకునే ఇసకలో. సముద్రం అంత బాగా కనబడే చోటు ఇంకెక్కడుంది!

జూన్‌లో వేట మొదలైంది. మొదటిరోజు ముసలాయన తిరిగొచ్చి బోటు ఒడ్డుకి లాగుతుంటే, బోర్డుకి కాపలా పెట్టిన కృష్ణంరాజు ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"బోటు తియ్యాల బావా. ఫొటోకి అడ్డం వత్తంది."

"ఫొటోలో ఎవుడున్నాడు బావా?"

కృష్ణంరాజు పైకి చూశాడు. కిందకి చూశాడు. "నువ్వే."

"మరి నాకు నానే అడ్డవేటి?"

"నువ్వు కాదు బావా. నీ బోటు, నీ వల, నీ సేపల కంపు. నువ్వుండాలంటే ఉండు, గోసీ కట్టుకుని."

ఎంత మర్యాదండీ! మనిషిని పొమ్మనలేదు కదా!

ఇప్పుడు మా బోటు అవతల రాళ్ల దగ్గర ఉంటోంది. అలలకి రాయి కొట్టుకుని అడుగున చిట్లింది కూడా. తడి వల భుజాన వేసుకుని ఆయన అంత దూరమూ నడిచి వస్తాడు. మోకాళ్లు పట్టేస్తే దారిలో తన బొమ్మ కిందే కూలబడతాడు. ఫొటో వల్ల నీడ కూడా దొరికింది, ఇంకేం కావాలి?

చలికాలానికల్లా మేం చేపలు ఎండేసే చోటు కూడా ఖాళీ చేయాలట. ఆ తర్వాత వరసలో ఉన్నవి మా రేకుల ఇళ్లే. అందుకని సత్యశ్రీకి ఫోన్ కలిపించాను.

"వొయ్ తల్లీ, ఈపాలి బాగా యెడల్పుగా పట్టే కెమెరా తే. బోటు, వల, ఎండుసేపలు, ఇళ్లు, నాను, మొత్తం పేటంతా పడాల."

"అంతా ఎందుకు మామ్మా?"

"ఈ ఒడ్డున బొమ్మల్నెవులూ కదపట్లేదమ్మా. మనుసుల్నే కదుపుతన్నారు."

ఆ పిల్ల ఆదివారం వస్తానంది.

నా చీరలన్నీ కత్తిరించి ఉంచాను. పేటంతటికీ గోచీలు సరిపోవాలి కదా!